గడప దగ్గర రెండు పేర్లు

2003 ఆగస్టు 19, మంగళవారం, సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు మా ఆయన నన్ను మొదటిసారి ‘మీరు’ అన్నారు.

పెనుకొండలో మా ఇంటి వరండా. వాన పడి అప్పుడే వెలిసింది. కొండ మీది కోటగోడ సగం మబ్బులో దాగి, మిగిలిన సగం గాలిలో నిలబడినట్టు కనిపిస్తోంది. నేను కాఫీ తెచ్చాను. ఆయన కుర్చీలో కొంచెం ముందుకు వంగి, పెళ్లిలో ఎదురైన దూరపు బంధువుతో మాట్లాడినట్టు, “మీరు ఆడ పెట్టండమ్మా, నేను తీసుకుంటా” అన్నారు.

వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. గ్లాసు అందుకుని, నా వైపు చూసి, మర్యాదగా తల వంచారు. నేను గోడ గడియారం చూశాను. ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పినదాన్ని. ఏదైనా తేడా కనిపిస్తే ముందు టైము చూడటం నాకు అలవాటు.

నలభై ఏళ్ల కాపురంలో నేను ఆయనను ‘మీరు’ అన్నాను, ఆయన నన్ను ‘నువ్వు’ అన్నారు. ఆ సాయంత్రం ఇద్దరం ఒకరినొకరు ‘మీరు’ అనుకుంటూ కాఫీ తాగాము. చూసేవాళ్లకు ఎంతో అందంగా ఉండి ఉంటుంది.

మా పెళ్లి 1963 మే 3, శుక్రవారం, హిందూపురంలో జరిగింది. మరునాడు పొద్దున ధర్మవరం రైల్లో అత్తగారింటికి వెళ్లాము. వీధంతా మగ్గాల చప్పుడు. ఎర్రనీళ్లు దిష్టి తీసి పోశారు. గడప దాటబోతే ఆడబిడ్డలిద్దరూ లోపలి నుంచి చేతులు అడ్డం పెట్టారు.

“ఊరికే రావచ్చునా వదినా? పేర్లు చెప్తే గానీ దారి లేదు!”

అది మా వైపు ఆనవాయితీ. కొత్త పెళ్లికూతురు, “నేను, మా ఆయన ఫలానా, వచ్చినాము” అనాలి. పెళ్లికొడుకు కూడా భార్య పేరు చెప్పాలి. నేను నేల చూస్తూ చెప్పాను. ఒక్కసారికే ఒప్పుకున్నారు. ఆయన చెబితే మాత్రం, “వినపళ్లేదన్నా” అని మూడుసార్లు చెప్పించారు. మూడోసారి స్టేషన్‌లో బండి వస్తోందని కేక వేసినట్టు అరిచి చెప్పారు. మగ్గాలు ఒక్క క్షణం ఆగి, అవతల ఎవరో నవ్వడం వినిపించింది. అప్పుడు ఆయన నా వైపు తిరిగి, నాకొక్కదానికే వినపడేట్టు, “కుడికాలు ముందు పెట్టు, పడతావు” అన్నారు. ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

ఆ రోజు చెప్పిన పేరు మళ్లీ నా నోట రాలేదు. చెప్పకూడదని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆ వీధిలో ఏ ఆడమనిషీ భర్త పేరు అనేది కాదు. అంటే ఆయుష్షు తరుగుతుందని మా అవ్వ అనేది. పిల్లలుంటే ‘పాప నాయనా’ అని పిలుచుకునే దారి ఒకటి దొరుకుతుంది. మాకు పిల్లలు లేరు. అందుకని నాకు ‘ఇదో’ మిగిలింది, ‘ఏమండీ’ మిగిలింది, అవీ అందనంత దూరంలో ఆయన ఉంటే గాజుల చప్పుడు మిగిలింది. ఆయనకు నేను ‘ఏమే’ని. ఇందులో కష్టమేమీ ఉన్నట్టు అప్పట్లో తోచలేదు.

ఆయన ధర్మవరం స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసు గుమస్తాగా చేసి 1995లో రిటైరయ్యారు. నా ఉద్యోగం పెనుకొండలో కనుక అక్కడే చిన్న ఇల్లు కట్టుకున్నాము. మేడ మీద ఒక గది వేశాము. 1997 జూలైలో ఆ గదిలోకి స్పెయిన్ దేశపు ఆవిడ ఒకామె అద్దెకు వచ్చింది. యాభై దాటిన మనిషి. దగ్గరి పల్లెలో ఒక ఆసుపత్రిలో నర్సులకు పని నేర్పడానికి వచ్చింది. పొడుగ్గా, ఎండకు కందిన ముఖంతో, మగవాళ్ల చెప్పులు వేసుకుని నడిచేది.

నాకూ ఆమెకూ మధ్య ఇంగ్లీషు. ఆమెకు నాకంటే తక్కువ వచ్చు. నాకు వచ్చినదీ లెక్కల పుస్తకాల ఇంగ్లీషే. అయినా ఆ భాషలో నాకు ఒక సుఖం దొరికింది. అందులో అందరూ ‘యూ’. నీళ్ల మోటారు గురించి అడిగినా యూ, ఆమె తలనొప్పి గురించి అడిగినా యూ. ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరు ఇంటివాళ్లు, ఎవరు అద్దెకున్నవాళ్లు, ఏమీ తేల్చుకోకుండానే మాట మొదలుపెట్టవచ్చు. చెప్పులు విప్పే పనిలేని ఇంట్లోకి వెళ్లినట్టు ఉండేది. కాని అందులో ఎక్కువసేపు కూర్చోలేము. చాప పరచని ఇల్లు అది.

ఆమె తెలుగు మాత్రం మా పాలామె దగ్గర నేర్చుకుంది. పాలామెది ఊరి చివర ఇల్లు. రెండు పూటలా పాలు తెచ్చేది, నోటినిండా మాట. ఆమె చెప్పినట్టే ఈమె పలికేది. అందరూ నువ్వే. ఒకరోజు మండలాఫీసు పెద్దమనిషి జీపు దిగుతుంటే ఎదురుపోయి, “ఏమప్పా, యాడికి పోతాండావు?” అని పలకరించింది. ఆయన జీపులో ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగి చూశాడట.

పాలామెను కోప్పడ్డాను. “పెద్దోళ్లను మీరు అనాలని చెప్పొద్దా?”

“చెప్పినానమ్మా. ఒగ మనిషిని ఇద్దురు మాదిరి ఎట్ల పిలుస్తారు, ఆయప్ప ఒగడే కదా అంటాది. నాకేం తెలుస్తాది, నువ్వు టీచరమ్మవు, నువ్వు చెప్పు!”

స్పెయినామె మా ఆయనను కూడా ‘నువ్వు’ అంది. కిరాయి ఇవ్వడానికి వచ్చి, “నువ్వు తిన్నావా?” అంది. నేను గబుక్కున ఆయన ముఖంలోకి చూశాను. ఆయన మాత్రం తినలేదని చెప్పి, ఆమె మేడ ఎక్కిపోయేదాకా చూసి, మెల్లగా నవ్వారు.

“అమ్మ పోయినాక నన్ను నువ్వు అనే మనిషే లేకపోయె” అన్నారు. “ఆఫీసులో సారు, వీధిలో సారు, చెల్లెండ్లకు అన్నా మీరు, పాలామె మాట్లాడేదంతా నీతోనే. ఇంట్లో నీ సంగతి సరేసరి. ఎన్నేండ్లకు విన్నానే ఈ మాట!”

వాళ్ల అమ్మ పోయింది 1971లో. ఇరవై ఆరేళ్లు. ఆయన మనసులో అలాంటి కొరత ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. తెలిసినా ఏం చేయాలి? నాలుక తిరగదు.

ఆ చలికాలం నుంచి సాయంత్రాలు మేడ మీద చదువు మొదలైంది. ఆమెకు మేము తెలుగు చెప్పాలి, మాకు ఆమె స్పానిష్ చెప్పాలి. పిట్టగోడ మీద వేరుశనక్కాయల గిన్నె. ఎదురుగా కొండ నీలం నుంచి నల్లరంగుకు తిరిగేది. హిందూపురం వైపు పోయే బండి దూరంగా కూత వేసేది. ఆ కూత అయిపోయాక ఊరంతా నీళ్లలో మునిగినట్టు నిశ్శబ్దమయ్యేది. ఆ నిశ్శబ్దంలో ముగ్గురం చిన్నపిల్లల్లా గొంతెత్తి పాఠం చెప్పుకునేవాళ్లం.

వాళ్లకూ రెండు ఉన్నాయని అప్పుడు తెలిసింది. దగ్గరివాళ్లను ‘తూ’ అంటారు. కొత్తవాళ్లనూ పెద్దలనూ ‘ఉస్తేద్’ అంటారు.

“తూ అంటే స్టేషన్‌లో కూలోణ్ణి పిలిచేదే!” అని మా ఆయన ఉలిక్కిపడ్డారు. ఆయనకు తెలిసిన హిందీ రైల్వే హిందీ. “హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో ఇంత మాటంటే కొట్టుకుంటారమ్మా.”

“మా ఊళ్లోనూ ముక్కూమొగం తెలీనోళ్లను అంటే కొట్టుకుంటారు” అందామె. “తెలిసినోళ్లను అనకుంటే అదీ కొట్లాటే.”

నేను మా అవ్వ సంగతి చెప్పాను. హిందూపురంలో మా అవ్వ సగం తెలుగు, సగం కన్నడం. కన్నడంలో ‘నీను’ దగ్గరిమాట, ‘నీవు’ గౌరవం. తెలుగులోకి వస్తే ‘నీవు’ గౌరవం పోగొట్టుకుంటుంది. ఒకే నోటితో ఆ గీతను రోజుకు ఎన్నిసార్లు దాటేదో, ఒక్కసారీ తడబడేది కాదు. స్పెయినామె తన అవ్వ సంగతి చెప్పింది. ఆలివ్ తోటల పల్లె అట. ఆ అవ్వ తాతను చచ్చేదాకా ఉస్తేద్ అనే పిలిచిందట, పక్కనే పడుకుని, ఏడుగురు పిల్లలను కని.

“ఇక్కడి మాదిరే” అన్నాను.

“ఇక్కడి మాదిరే. కానీ పేరు చెప్పేది” అందామె. “గౌరవానికి దోన్ అని ముందు పెట్టి, పేరు చెప్పేది. నీకు పేరు కూడా లేదు కదా పిలవడానికి?”

ఆ మాట రాత్రి చాలాసేపు నాతో ఉంది. వాళ్లకు గౌరవం వచ్చి పేరు పక్కన కూర్చుంటుంది. మనకు గౌరవం వచ్చిందంటే పేరు లేచి వెళ్లిపోతుంది.

1998 ఫిబ్రవరి 8, ఆదివారం. ఆ రోజు పాఠం క్షేమసమాచారాలు. ఒకరు ఎట్లున్నావని అడగాలి, రెండోవారు బాగున్నానని చెప్పి, ‘ఇ తూ?’ అనాలి. అంటే, మరి నువ్వు? మా ఆయన నన్ను అడిగారు. నేను బాగున్నానని చెప్పి ఆగిపోయాను. ఆమె వేరుశనగ తొక్కు తీస్తూ ఎదురుచూస్తోంది. కొండ మీద ఎవరో పుల్లలు కాల్చిన పొగ నిలువుగా లేస్తోంది.

“ఇ తూ?” అన్నాను.

భాష నాది కాదు కనుక అనగలిగాను. ఆయన నా వైపు తిరిగారు. చీకట్లో ముఖం సరిగ్గా కనపడలేదు. “నేనూ బాగుండా” అని తెలుగులో అన్నారు.

ఆ తర్వాత మూడేళ్లు ప్రతి సాయంత్రమూ మాకు ఆ మేడ మీద ఇంకో సంసారం నడిచింది. మెట్లు ఎక్కితే ఆయన తూ, నేను తూ. మెట్లు దిగితే ఆయన మీరు, నేను నువ్వు. దిగేటప్పుడు చివరి మెట్టు మీద కొంచెం ఆగేవాళ్లం. 2001 మార్చిలో ఆమె తన దేశం వెళ్లిపోయింది. గది ఖాళీగా ఉంచాము. మేమిద్దరమే ఎక్కి కూర్చునేవాళ్లం. పాఠాలు ఒక్కొక్కటిగా జారిపోయాయి. ‘ఇ తూ?’ మాత్రం నిలిచింది. అన్నం వడ్డించేటప్పుడు కూడా ఒకోసారి మెల్లగా అనేదాన్ని. కింద అన్నా తప్పులేదని అప్పటికి ధైర్యం వచ్చింది.

రెండున్నరేళ్ల తర్వాత ఆ ‘మీరు’ వచ్చింది.

మొదట వారానికి ఒకసారి, తర్వాత రెండు రోజులకు ఒకసారి. “మీరు తిన్నారా అమ్మా?” “మీకు ఇబ్బంది లేదు కదా?” పాలామె గుమ్మంలో నిలబడి చెవులారా వినేది.

“ఏమ్మా, నీ మొగుడు నిన్ను మీరు అంటాండాడే! మావోడు ఏమే అని కూడా అనడు, రాయి ఇసురుతాడు. ఏం మందు పెట్టినావో చెప్పు, నేనూ పెడతా.”

ఎదురింటివాళ్లు కూడా అలాగే అన్నారు. భార్యకు ఇంత మర్యాద ఇచ్చే మనిషి ఈ వీధిలో లేడన్నారు. నేను నవ్వేదాన్ని. ఆ మర్యాద పెరిగే కొద్దీ ఆయన నాకు దూరంగా జరుగుతున్నారని నాకొక్కదానికే తెలుసు.

హిందూపురంలో డాక్టరుకు చూపించాను. మరుపు జబ్బు అన్నాడు. “కొత్తవి ముందు పోతాయి, పాతవి వెనక పోతాయి” అన్నాడు. బస్సులో తిరిగి వస్తూ ఆ మాటను లెక్కలాగా వేసుకున్నాను. ఆయన వెతుకుతున్నది ఇరవై ఏళ్ల పిల్లను. ఎదురుగా ఉన్నది అరవై ఏళ్ల పెద్దావిడ. పరాయి పెద్దావిడను మీరు అనక ఏమంటారు? మర్యాద తెలిసిన మనిషి. నేను తెలియకుండా పోయాను, మర్యాద మాత్రం ఉండిపోయింది.

నాకు కావలసింది ఒక్కటే. ఆయన నోట నాకు మళ్లీ ‘నువ్వు’ కావాలి. మందుల వల్ల రాదని తెలిసి, పిలుపులతో ప్రయత్నించాను. “ఇదో” అంటే ఎవరినో అనుకున్నారు. “ఏమండీ” అంటే “చెప్పండమ్మా” అన్నారు. ఒక సాయంత్రం మెల్లగా మేడ ఎక్కించి, కొండ వైపు కూర్చోబెట్టి, “ఇ తూ?” అన్నాను. ఆయన ముఖం వెలిగింది. చటుక్కున లేచి, పిట్టగోడ అవతలికి చెయ్యి ఊపి, “ఏయ్, తూ! ఇధర్ ఆ, సామాన్ ఉఠా!” అని గట్టిగా కేక వేశారు. కింద వీధిలో పోతున్న కూరగాయలాయన బండి ఆపి పైకి చూశాడు. ఆయనకు తూ దొరికింది, కానీ పార్సిల్ ఆఫీసులో దొరికింది. మేడ మీది తూ కొత్తది. డాక్టరు చెప్పినట్టే ముందు పోయింది.

2005 సెప్టెంబరు 22, గురువారం. నేను పెరట్లో ఉండగా ఆయన డ్యూటీకని చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయారు. వీధులన్నీ వెతికి వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాను. పాలామె కూడా క్యాను చేతిలో పెట్టుకుని నిలబడింది. దీపాలు పెట్టే వేళకు ఆటో వచ్చింది. ఆటో నడిపే ఆయన మాకు తెలిసినవాడే.

“స్టేషన్ కాడ నిలబడుండాడమ్మా సారు. ఏ బండికని అడిగితే, పార్సిల్ రావల్ల అంటాడు.”

సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఆయన ఆటో దిగి, వరండా మెట్టు దాకా వచ్చి, గడప బయటే ఆగారు.

“ఎవురిల్లమ్మా ఇది?”

“మనదే. లోపలికి రండి.”

“ఇంటాయన ఉండాడా?”

“బయటికి పోయినారు” అన్నాను.

“అయితే ఆయన వచ్చినాక వస్తా. ఒంటి ఆడమనిషి ఉండే ఇంట్లోకి ఎట్ల వచ్చేది? మీరు లోపలికి పోండి, తడుస్తాండారు.”

చెయ్యి పట్టుకోబోతే వెనక్కి జరిగారు. పరాయి ఆడదాన్ని తాకని మనిషి. చొక్కా భుజాల మీద తడిసి నల్లబడుతోంది. ఆటో ఆయన బతిమాలాడు. లాభం లేకపోయింది.

“పేరు పెట్టి పిలువమ్మా, పలుకుతాడు” అంది పాలామె.

“నువ్వే పిలువు.”

“నేను పిలిస్తే మా ఇంటికొస్తాడు. నాకుండేవోడే ఎక్కువైనాడు!”

ఆటో ఆయన నవ్వు ఆపుకున్నాడు. నేను గడప వైపు చూశాను. ఉదయం పెట్టిన పసుపు వానజల్లుకు కరుగుతోంది. కొత్తవి ముందు పోతాయి. పాతది ఏది? మా ఇద్దరికీ ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది ఏది?

“నువ్వు లోపలికి పో” అని పాలామెతో అన్నాను. “గడప కాడ నిలబడి చేతులు అడ్డం పెట్టు. ఆడబిడ్డ మాదిరి.”

ఆమె ఎందుకని అడగలేదు. ఆడవాళ్లకు చెప్పే పనిలేని సంగతి అది. క్యాను కింద పెట్టి, కొంగు నడుముకు చుట్టి, గడప లోపల నిలబడి రెండు చేతులూ చాచింది. నేను చినుకుల్లో ఆయన ఎడమ పక్కకు వచ్చి నిలబడ్డాను.

“ఏం వదినా, ఏం అన్నా!” అని పాలామె వీధంతా వినపడేట్టు అరిచింది. “ఊరికే రావచ్చునా? పేర్లు చెప్తే గానీ దారి లేదు!”

నలభై రెండేళ్ల తర్వాత ఆ పేరు చెప్పాను. “నేను, మా ఆయన...” అని, పేరు చెప్పి, “వచ్చినాము” అన్నాను. చిన్న గొంతే వచ్చింది. ఆయుష్షు మాట గుర్తొచ్చింది కాని, వానలో నిలబడిన మనిషిని లోపలికి తీసుకురావడం ముందు.

ఆయన తల ఇటు తిప్పారు. చొక్కా సర్దుకున్నారు. మనసులో ఎక్కడో మగ్గాలు ఆడుతున్నట్టు కొంచెంసేపు విన్నారు. తర్వాత, “నేను, నా భార్య...” అని నా పేరు చెప్పారు. “వచ్చినాము.”

“వినపళ్లేదన్నా!”

“నేను, నా భార్య...”

“ఇంకా గట్టిగా!”

మూడోసారి బండి వస్తోందన్నట్టు అరిచి చెప్పారు. పాలామె చేతులు దించింది. ఆయన సిగ్గుగా నవ్వి, నా వైపు వంగి, మెల్లగా అన్నారు.

“కుడికాలు ముందు పెట్టు, పడతావు.”

పెట్టాను. ఇద్దరం లోపలికి వచ్చాము.

తల తుడిచి కాఫీ ఇచ్చేసరికి మళ్లీ ‘మీరు’ వచ్చేసింది. “మీకు శ్రమ ఇచ్చినాను” అన్నారు. అయినా నాకు దారి తెలిసింది. అప్పటి నుంచి పాలవేళకు రోజూ ఆయనను వాకిట్లోకి తీసుకువెళ్లి, తిరిగి వచ్చేదాన్ని. పాలామె లోపల సిద్ధంగా ఉండేది. “నేను నీ ఆడబిడ్డను, కట్నం పెట్టల్ల” అని వేధించి, ఆ దసరాకు ధర్మవరం చీర ఒకటి పెట్టించుకుంది. రోజుకు ఒక్క ‘నువ్వు’ కోసం గడప దాటేదాన్ని. పసుపు గడప, సందెవెలుగు, ఎదురుగా నవ్వుతున్న మనిషి, పక్కన నా పేరు చెబుతున్న మనిషి. దాటిన ప్రతిసారీ లోపల ధర్మవరం ఉంటుందేమో అనిపించేది.

ఇక పోయినవి. ‘ఇ తూ’ 2003 డిసెంబరులో పోయింది. ‘ఏమే’ ఆఖరుసారి విన్నది 2004 మార్చిలో. గడప దగ్గర నా పేరు 2007 ఉగాది దాకా నిలిచింది. ఆ తర్వాత “నా భార్య” అని ఆగిపోయేవారు, నేను అందించేదాన్ని. ‘కుడికాలు ముందు పెట్టు’ ఆ ఆగస్టు వరకు వచ్చింది. ఆయన 2007 డిసెంబరు 11, మంగళవారం తెల్లవారుజామున పోయారు. ఆయన పేరు పిలవడానికి మనిషి లేడు కనుక అదీ పోయినట్టే. నన్ను ‘తూ’ అనేవాళ్లు ఎవరూ లేరు. ‘నువ్వు’ అనేవాళ్లలో పాలామె ఒక్కతే మిగిలింది. ఆమె ఇప్పుడు ఒక పూటే వస్తుంది.